ఇంటి మనిషి సంతకం

నకరికల్లు,
జనవరి నెల.

షారోన్‌కు,

నా పేరు కొమ్ము శౌరమ్మ. వయసు ఆధారు కార్డులో డెబ్బై మూడు, అసలుది ఇంకో రెండు మూడు ఎక్కువే ఉంటుంది. భర్త గాబ్రియేలు కాలం చేశాడు. నేనూ, కొడుకు సుధీర్ బాబూ, కోడలు మేరీ, ఒక పాడి బర్రె, ఇదీ మా ఇల్లు. కొడుకు స్కూలు బస్సు నడుపుతాడు. నువ్వు ఆ కొడుకు కూతురివి. ఇదంతా నాకు తెలియదా అని నవ్వకు. న్యాయం అడిగే కాగితం ఎవరు, ఏ వయసు, ఏ ఇల్లు అని మొదలుకావాలని ఉపదేశి దానయ్య అన్నాడు. నాకు అక్షరం ముక్క రాదు. చర్చి వరండాలో కూర్చుని నేను చెబుతున్నాను, ఆయన రాస్తున్నాడు.

ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు "సరే నాయనమ్మా, సిగ్నల్ లేదు నాయనమ్మా" అని కోసేస్తావు. కాగితాన్ని కొయ్యలేవు.

నా ఫిర్యాదు ఇది. వేళాంగణి మాత దగ్గరికి మన చర్చి విచారణ వాళ్ళమంతా బస్సు కట్టుకుని పోయాం. కన్యాకుమారి చూశాం. అక్కడి నుంచి, నిన్ను చూసి పోదామని మీ నాన్న బస్సును కేరళలో వర్కల వైపు తిప్పించాడు. నువ్వు నర్సు చదువు చదివి, గుంటూరులో ఆసుపత్రి ఉద్యోగం మానేసి, గాల్లో ఎగరడం నేర్పే వాళ్ళ వెంట సముద్రం ఒడ్డునే ఊరూరా తిరుగుతున్నావు. వాళ్ళ దెబ్బలకు కట్లు కడతావనీ, నువ్వు కూడా ఎగురుతావనీ మన ఊరంతా చెప్పుకుంటారు. నేను నమ్మలేదు. ఆ రోజు కళ్ళారా చూశాను.

సముద్రం అంచున ఎర్రటి గట్టు. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తు. గాలి నా కొంగు తీసి నా చెంపకేసే కొడుతోంది. ఒక ఆడమనిషి, తల నెరిసింది, మూడు మూలల గుడ్డ రెక్క కింద నడుము కట్టుకుని అంచుకు నడిచింది. నాలుగడుగులు పరుగెత్తింది. తర్వాత అక్కడ లేదు. బస్సులో వాళ్ళమంతా ఒక్కసారి "దేవా" అన్నాం. ఆమె పడలేదే! పైకి లేచింది. గట్టు కంటే పైకి, కొబ్బరిచెట్ల కంటే పైకి. ఎవరూ పట్టుకోలేదు ఆమెను.

నేను మీ మాస్టరు జావీద్ దగ్గరికి పోయాను. హైదరాబాదు పిల్లాడట, తెలుగు బాగానే మాట్లాడతాడు.

"అబ్బాయ్, నన్ను గూడా కట్టు."

"అమ్మా, మీ ఏజ్ ఎంత?"

"నీ ఏజ్ మీద రెండింతలు. అయితే ఏంది?"

నవ్వాడు. ఒకే రెక్క కింద తనతో పాటు ఇంకొకరిని కట్టుకుని ఎగరొచ్చన్నాడు. అయితే పెద్దవయసు వాళ్ళకు డాక్టరు కాగితం కావాలంట, నా ఇష్టంతోనే ఎగురుతున్నానని నా పూచీ కాగితం కావాలంట, దాని మీద ఇంటి మనిషి ఒకరు సంతకం పెట్టాలంట. నేను మీ నాన్నను కేకేశాను.

"ఏందమ్మా ఇది? ఈ వయసులో మతిపోయిందని నలుగురూ నవ్వాల్నా? ఎక్కు బస్సు!"

"సంతకం పెట్టరా."

"నేను డ్రైవర్ని. బ్రేకు లేని బండి మా అమ్మని ఎక్కించను."

వాడి సంగతి సరే. వాడు పుట్టుకతోనే భయస్తుడు, బాప్తిస్మం నీళ్ళకు కూడా ఏడ్చాడు. నా ఫిర్యాదు వాడి మీద కాదు, నీ మీద. నువ్వు మందుల పెట్టె చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డావు. ఎగిరే దానివి నువ్వు. "ఏం కాదు నాన్నా" అని ఒక్క మాట అంటే పోయేది. నేలచూపులు చూశావు. ఎందుకు చూశావో జవాబు రాయి. మీ క్యాంపు ఎత్తేసే లోపల నన్ను ఎగిరించే దారి కూడా రాయి.

ఇట్లు,
కొమ్ము శౌరమ్మ నిశానీ.
రాసినది: దానయ్య, ఉపదేశి.


వర్కల,
జనవరి ఆఖరు.

ప్రియమైన నాయనమ్మకు,

నీ ఫిర్యాదు అందింది. పోస్టుమాన్ గట్టెక్కి వచ్చి ఇచ్చాడు. ఇక్కడ అందరూ ఏం ఉత్తరమని అడిగారు. కోర్టు కాగితమని చెప్పాను.

నువ్వు అనుకున్నంత తేలిక కాదు నాయనమ్మా. సముద్రం మీద నుంచి వచ్చే గాలి గట్టుకు కొట్టుకుంటుంది. పోవడానికి దారి లేక పైకి లేస్తుంది. ఆ లేచే గాలి మీదే రెక్క నిలబడుతుంది. గాలి తగ్గితే కిందికి వచ్చి ఇసుకలో దిగాలి. దిగేటప్పుడు కుర్రవాళ్ళకే కాళ్ళు విరుగుతాయి. నీ మోకాళ్ళు అరిగాయి. నీకు బీపీ ఉంది. నేను నర్సును, నేను చెప్పిందే న్యాయం.

ఇంకొకటి. అంచు దగ్గర ఆగకూడదు. ఆగాలని ఒళ్ళంతా చెబుతుంది. అయినా ఆగకూడదు. అన్నిటికంటే అది కష్టం.

అందుకే ఆ రోజు ఏమీ అనలేదు. వచ్చే నెల క్యాంపు గోవాకు మారుతోంది. మార్చి చివర గాలి తిరుగుతుంది, అప్పుడు ఈ ఏటికి మూసేస్తారు. అయ్యాక ఇంటికి వస్తాను. నీకు కోవళం సముద్రం ఫొటోలు తెస్తాను.

చిన్న ఉత్తరం రాశానని ఏమనుకోకు. పని ఎక్కువగా ఉంది.

నీ
షారోన్.


నకరికల్లు,
ఫిబ్రవరి.

షారోన్‌కు నాయనమ్మ చెప్పి రాయించేది.

ఫొటోలు ఎవరికి కావాలే? మా ఇంట్లో క్యాలెండర్లు లేవా?

నీ ఉత్తరం దానయ్య రెండుసార్లు చదివాడు. చదివి, కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"వదినా, ఇది షారోన్ రాత కాదు."

"మరెవురిది?"

"దానిదే. అయితే చెయ్యి వేరు. క్యాటకిజం నోటుబుక్కులు నేనే దిద్దాగా, దాని అక్షరాలు చింతగింజలు పేర్చినట్టుంటయ్. ఇయ్యి చూడు, తాగినోడి నడకలాగుండయ్."

నీ కుడిచేతికి ఏమైంది? అబద్ధం రాయాలనుకుంటే రాయి. అది కూడా వంకరగానే వస్తుంది.

నా వైపు పని నేను చేసుకుంటున్నాను. నరసరావుపేటలో డాక్టరు దగ్గరికి పోయాను. గుండె చూశాడు, ఊపిరి చూశాడు. "దేనికమ్మా సర్టిఫికెట్?" అన్నాడు. "ఎగరటానికి" అన్నాను. "ఓహో, విమానమా? జెరూసలేమా?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. విమానం ఎక్కడానికి ఒళ్ళు బాగుందని రాసిచ్చాడు. అబద్ధం నేను చెప్పలేదు, ఆయనే అనుకున్నాడు.

మీ నాన్న దీన్ని ముసలి చపలం అంటున్నాడు. అమ్మలక్కలు సరే సరి. మిరపకోతకు పోతే "ఏమత్తా, రెక్కలొచ్చినయ్యా?" అని ఒకటే నవ్వులు. నవ్వనీ. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. చాలు మధ్యలో కాయలు కోస్తూ కోస్తూ లేచి నిలబడుతున్నాను. అన్నం ముందు కూర్చుని లేస్తున్నాను. పడుకుంటే పాదాలు కదులుతున్నాయి. మేరీ నా పాదాలకు కొబ్బరినూనె రాసింది. నూనెతో పోయేది కాదిది.

నీకు ఒక మాట చెబుతాను, దానయ్య ముందు చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది. నా బతుకులో నేను చాలా పరుగెత్తాను. వాన వస్తుందంటే కల్లంలో కాయల కోసం పరుగెత్తాను. మీ తాత తాగి పడిపోయాడంటే పరుగెత్తాను. మీ నాన్నకు ఫిట్స్ వస్తే నకరికల్లు అడ్డరోడ్డు దాకా భుజాన వేసుకుని పరుగెత్తాను. ఎవరో తరిమితే, లేదా ఎవరికో ఏదో అయితే. ఉత్తపుణ్యానికి, ఏ పనీ లేకుండా, నా కోసం నాలుగడుగులు పరుగెత్తింది లేదు. ఆ నెరిసిన తల ఆమె పరుగెత్తింది చూడు, ఆమె వెనకాల ఎవరూ లేరే. నేను వెనక్కి తిరిగి కూడా చూశాను, కుక్క ఏమన్నా తరుముతోందా అని. ఏమీ లేదు. ముందు కూడా ఏమీ లేదు. అయినా పరుగెత్తింది.

అదీ నాకు కావలసింది.

నా పూచీ కాగితం దానయ్య విడిగా రాస్తానన్నాడు. ఇలాంటివి ఎలా రాస్తారో తనకు తెలుసన్నాడు. జిరాక్సు తీయించి, అసలు కాగితం నీకు పంపుతాం. ఇంటి మనిషి సంతకం కోసం మీ నాన్నను నేను లొంగదీస్తాను. అది నా పని. చెయ్యి సంగతి రాయడం నీ పని.

కొమ్ము శౌరమ్మ నిశానీ.
రాసినది: దానయ్య.


గోవా, కేరి గట్టు,
ఫిబ్రవరి చివర.

నాయనమ్మా,

మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు. ఎముక అతుకుతోంది. ముందు ఇది చదవమని దానయ్య తాతకు చెప్పు, తర్వాత మిగతాది.

ఊళ్ళో అందరూ నేను ఎగురుతానని అనుకుంటారు. నేనే అలా అనుకోనిచ్చాను. నిజానికి మీరు వచ్చిన రోజు దాకా నేను ఒంటరిగా ఒక్కసారి కూడా ఎగరలేదు. నేర్చుకున్నాను. కింద ఇసుక దిబ్బల మీద రెక్క పట్టుకుని పరుగెత్తాను. జావీద్‌తో కలిసి ఎగిరాను. నీ వంతు వచ్చిందని ఆయన అన్న ప్రతిసారీ ఎవరికో కట్టు మార్చాలని తప్పించుకున్నాను. ఆ రోజు నువ్వు "నన్ను కట్టు" అని అడిగావే, అంత మామూలుగా, సంతలో పాదరక్షలు అడిగినట్టు. నేలచూపులు అందుకే చూశాను. నాన్నకు భయపడి కాదు.

మీ బస్సు పోయిన మూడో రోజు నేనే జావీద్‌ను అడిగాను. రెక్క ఎత్తుకున్నాను. గాలి బాగుంది. పరుగెత్తాను. అంచు దగ్గర కాలు ఆగింది. నేను ఆపలేదు నాయనమ్మా, అదే ఆగింది, అర అడుగు. రెక్క ముక్కు కిందికి పోయింది. అంచు కింద ముళ్ళపొదల్లో పడ్డాను. పొదలు లేకపోతే ఈ ఉత్తరం లేదు.

అప్పటి నుంచి రెక్కను ముట్టుకోవాలన్నా చేతులు చల్లబడుతున్నాయి. నిన్ను ఎలా రమ్మనను? నువ్వు ఆ అంచు దగ్గర ఆగితే?

నాన్నకు చెప్పొద్దు. చెబితే మర్నాడే వచ్చి నన్ను తీసుకుపోతాడు. నేను రానని కూడా అనలేను. ఇక్కడ ఉండి ఏం చేస్తున్నానో నాకే తెలియడం లేదు. పొద్దున్నే గట్టు మీదికి పోతాను, గాలి చూస్తాను, దిగి వస్తాను. మళ్ళీ పోతాను.

నీ పూచీ కాగితం నాకు ఇంకా అందలేదు. కవర్లో ఉత్తరం ఒక్కటే ఉంది.

షారోన్.


నకరికల్లు,
మార్చి మొదటివారం.

షారోన్‌కు,

ఈ ఉత్తరం రాస్తున్నది దానయ్య కాదు, మీ అమ్మ మేరీ. దానయ్య మన వీధిలోకి రావడం మానేశాడు. ఎందుకో చెబుతాను.

నా పూచీ కాగితం రాసి, నాకు చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకున్నాడు. వింటే నాకూ బాగానే అనిపించింది. దాన్ని పట్టుకుని సెంటర్లో వెంకటప్పయ్య జిరాక్సు కొట్టుకు పోయాడు. జిరాక్సు కాగితం జేబులో పెట్టుకుని, అసలుది మిషన్లోనే మరిచి, టీ తాగడానికి పోయాడు. వెంకటప్పయ్య మూత తీసి చదివాడు. ఏం రాసి ఉందంటే:

"నేను, కొమ్ము శౌరమ్మ, మనస్ఫూర్తిగా ఆలోచించుకుని కొండ అంచు నుంచి దూకుతున్నాను. నా చావుకు ఎవరూ బాధ్యులు కారు. నా కొడుకును, కోడలిని ఎవరూ ఏమీ అనవద్దు. నన్ను క్షమించండి."

వెంకటప్పయ్య షట్టరు దించి మీ నాన్నకు ఫోన్ చేశాడు. మీ నాన్నకు కొండ అనగానే ఏది గుర్తొస్తుంది? మోటారుసైకిల్ మీద కోటప్పకొండకు పోయాడు. వెనకాల రెండు ఆటోల్లో జనం. నేనేమో మన దాబా మీద మిరపకాయలు తిరగేస్తున్నాను. ఫోను ఇంట్లో మోగుతోంది, నేనెందుకు తీస్తాను? మేరీ బర్రెను కడుగుతోంది.

అంతలో పక్కింటి ఆస్మా ఏడ్చుకుంటూ వచ్చి, కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ ఎత్తుకుపోయి వాళ్ళింట్లో పెట్టి తాళం వేసింది. వచ్చి నా కాళ్ళు పట్టుకుంది.

"అంత కట్టం ఏమొచ్చిందత్తా నీకు? నాకు చెప్పగూడదా?"

"నాకేం కట్టమే? పక్కకు జరుగు, కాయలు తొక్కుతున్నావు."

వీధి వీధంతా మెట్ల కింద చేరింది. మేరీ చేతులు తుడుచుకుంటూ వచ్చి సంగతి విన్నది. వాళ్ళందరితో ఏమన్నదో, తనే రాస్తోంది కాబట్టి రాయనంటోంది. నేను రాయిస్తున్నాను. "మా అత్త చచ్చిపోదల్చుకుంటే చెప్పకుండా ఊరుకుంటదా? మమ్మల్ని ముందు చెప్పి చెప్పి చంపదూ?" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, కానీ నచ్చింది.

సాయంత్రం మీ నాన్న వచ్చాడు. తలకు హెల్మెట్ తీయలేదు. మెట్ల మీద కూలబడి, "నేనేం తక్కువ చేశానమ్మా? చెప్పు. ఏం తక్కువ చేశాను?" అని ఏడ్చాడు. హెల్మెట్‌లో ఏడుపు డబ్బాలో రాళ్ళు వేసినట్టు వినిపించింది. వాడి గడ్డం కింద బకిలీ నేనే తీశాను.

"చావటానికి కాదురా. ఎగరటానికి."

హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. తర్వాత కోపం వచ్చింది వాడికి, చూడు, అలాంటి కోపం ఎప్పుడూ రాలేదు.

"అదీ ఇదీ ఒకటే. దూకటమేగా!"

"దూకటం కాదు."

"మరి దూకుతున్నానని రాసుండాది?"

"ఆ మాట దానయ్యది."

"ఏలిముద్ర నీదేగా!"

చదువు లేనందుకు నాకెప్పుడూ ఏడుపు రాలేదు. ఆ పూట వచ్చింది.

దానయ్యను తిట్టాను గానీ, ఆయన తప్పు కూడా కాదే. ఈ చుట్టుపక్కల పత్తి పోయిన ఏళ్ళలో, చావుకు ఎవరూ బాధ్యులు కారనే మాట ఎన్ని చొక్కా జేబుల్లో దొరికిందో, ఎన్ని శవాల పక్కన నిలబడి ఆయన ప్రార్థన చెప్పాడో. తన ఇష్టంతో పోతున్నానని మనిషి చెప్పే కాగితం ఆయన అదొక్కటే చూశాడు. మన ఊళ్ళో ఎగరడానికి ఎవరు రాశారు గనక?

మీ నాన్న కాగితం చించేశాడు. ఈ జన్మలో సంతకం అడగవద్దన్నాడు. ఇంట్లో మాటలు లేవు. నేను బర్రెతో మాట్లాడుతున్నాను.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. దానయ్య లేడు కాబట్టి మేరీయే చదివింది. మొదటి మాట దగ్గరే ఆగింది. మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. ముళ్ళపొదల దగ్గర ఇంకోసారి ఆగింది. అంతా అయ్యాక కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. మీ నాన్నకు చెబుతుందేమో అనుకున్నాను. వాడికి అన్నం పెట్టి, గిన్నెలు తోమడానికి పోయింది.

ఒసేయ్ షారోనూ, కాలు ఆగిందని నువ్వు సిగ్గుపడుతున్నావు. నేను అడగకపోతే నువ్వు పరుగెత్తేదానివి కాదు, చెయ్యి విరిగేది కాదు. ఈ ముక్క నన్ను తింటోంది. అయినా నా మనసు మారలేదు. నీ భయాన్ని నా కాళ్ళకు కట్టకు. నీ కాలు వేరు, నా కాలు వేరు.

కొమ్ము శౌరమ్మ నిశానీ.

అమ్మాయ్, ఎక్స్‌రే ఫొటో నా ఫోనుకు పంపు. వేళ్ళు కదులుతున్నాయా? నాన్నకు చెప్పలేదు. అమ్మ.


గోవా, కేరి గట్టు,
మార్చి.

నాయనమ్మకు, అమ్మకు,

నాన్న ఫోన్ చేశాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "మీ నాయనమ్మను నువ్వే చెడగొట్టావు" అని పెట్టేశాడు.

వేళ్ళు కదులుతున్నాయమ్మా. కట్టు తీశారు. ఈ ఉత్తరం సగం కుడిచేతిది, సగం ఎడమచేతిది. ఎక్కడ మారిందో నువ్వే చూసుకో.

జావీద్‌ను రెండు సంగతులు అడిగాను. ఒకటి, నేను సంతకం పెట్టొచ్చా అని. క్యాంపులో పనిచేసే వాళ్ళు పెట్టకూడదట. రెండు, ఇంటి మనిషి అంటే కొడుకే కావాలా అని. "ఒకే కప్పు కింద ఉండే పెద్దవాళ్ళు ఎవరైనా సరే" అన్నాడు. నరసరావుపేట డాక్టరు కాగితం ఇక్కడ చెల్లదు, ఇక్కడి డాక్టరు చూడాలి. గాలి బలంగా ఉన్న రోజున ఎక్కువ పరుగెత్తక్కర్లేదు, అయిదారు అడుగులు చాలునని కూడా అన్నాడు. ఇది ఆయన మాట, నా మాట కాదు.

రమ్మని నేను రాయను. రావద్దని రాయబోయి రెండు కాగితాలు చించాను. నెలాఖరుకు ఇక్కడ మూసేస్తారు.

షారోన్.


గోవా, కేరి గట్టు,
మార్చి ఆఖరు వారం.

సుధీర్ బాబుకు మీ అమ్మ చెప్పి రాయించేది.

ఒరేయ్, నీ పెళ్ళాన్ని నేను ఎత్తుకుపోలేదు. టికెట్లు తనే తీసింది. నువ్వు స్కూలు పిల్లల్ని ఎక్కించుకోవడానికి పోయాక, పులుసు కాచి, బర్రెను ఆస్మాకు అప్పజెప్పి, నా సంచీ కూడా తనే సర్ది, "అత్తా, లే, రైలుకు టైమవుతోంది" అంది. నేను చెప్పులు వేసుకోవడానికి ఆలస్యమైతే నా మీదే విసుక్కుంది. దారిలో కిటికీ పక్క సీటు కోసం మేమిద్దరం పోట్లాడుకున్నాం కూడా.

ముందు నీ కూతురి సంగతి. దాని మణికట్టు జనవరిలో విరిగింది. ఎగరబోయి పడింది. ఇప్పుడు అతుక్కుంది. చెప్పమని అదే అంది. నీ దగ్గర దాచింది నేనూ, మేరీ కూడా. తిడితే ముగ్గుర్నీ తిట్టు.

తర్వాత నా సంగతి. ఇక్కడి డాక్టరు నన్ను నడిపించి, కూర్చోబెట్టి, లేపి, సరేనన్నాడు. బీపీ మాత్ర వేసుకోమన్నాడు. పూచీ కాగితం దగ్గర మేరీ వెనకాడింది.

"కోడలు ఇంటి మనిషి కిందికి వస్తుందా, బాబూ?" అని జావీద్‌ను అడిగింది.

"అమ్మా, ఇంట్లో వండేదెవరు?"

"నేనే."

"అయితే పెట్టండి."

మన ఇంట్లో ఏ కాగితం మీదైనా సంతకం నీదే. బ్యాంకుదైనా, కరెంటుదైనా. మేరీ పెన్ను పట్టుకుని పేరు మొత్తం రాసింది, ఒక్కో అక్షరం అన్నం మెతుకు చూసినట్టు చూసుకుంటూ.

చీర కుదరదన్నారు. నీ కూతురి ప్యాంటు తొడుక్కున్నాను. నా కాళ్ళు నాకే కొత్తగా కనిపించాయి. నవ్వకు, సన్నగా బాగానే ఉన్నాయి. నెత్తికి నీ హెల్మెట్ లాంటిదే పెట్టారు. ఒక సంచీ లాంటి దాంట్లో నన్ను కట్టి, రెక్క కింద జావీద్ పక్కన తగిలించారు. గాలి ఎంత బలంగా ఉందంటే రెక్క మమ్మల్ని లాక్కుపోతోంది. అందుకని ముందువైపు తీగ ఒకళ్ళు పట్టుకుని ఉండాలి, జావీద్ "వదులు" అన్నప్పుడు వదిలేసి పక్కకు తప్పుకోవాలి. ఆ తీగ పట్టుకుంది షారోన్.

"వదులు" అన్నాడు. అది వదల్లేదు. మళ్ళీ అన్నాడు. దాని మొహం సున్నం కొట్టినట్టుంది. తీగ పట్టుకుని నా కళ్ళలోకి చూస్తోంది.

"షారోనూ, వదలవే. పొలంకాడ నిన్ను చీర ఉయ్యాల్లో ఒదిలి నేను కాయలు కొయ్యటానికి పోలా? నువ్వేమన్నా చచ్చావా? ఒదులు!"

వదిలింది.

నేను పరుగెత్తాను. అయిదో ఆరో అడుగులు. మోకాలు నొప్పి పుట్టింది, అది కూడా నిజమే రాస్తున్నాను. అంచు వచ్చింది. ఒళ్ళంతా ఆగమంది. నేను ఆగలేదు. ఆ తర్వాత అడుగు వేయడానికి నేల లేదు, నేను గాల్లో అడుగు వేస్తూనే ఉన్నాను. జావీద్ "అమ్మా, ఇంక చాలు, కాళ్ళు మడుచుకోండి" అన్నాడు.

కళ్ళు మూసుకున్నాను. తెరిచాను. కింద సముద్రం. చేపల పడవ ఒకటి తవుడుపురుగంత ఉంది. చెవుల్లో హోరు. "పరలోకమందుండెడు" అని మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయాను. దేవుడు ఏమనుకున్నాడో గానీ, ఆ కాసేపు నాకు ఎవరూ గుర్తులేరు, నువ్వు కూడా లేవు. గట్టు మీద మేరీ కనిపించింది, నీలం చీర, చేత్తో ఎండ అడ్డం పెట్టుకుని తల పైకెత్తి. అంత చిన్న మనిషా మన మేరీ అనుకున్నాను.

"అమ్మా, చాలా? దిగుదామా?"

"ఏం చాలురా! ఇప్పుడేగా వచ్చింది. అటు తిప్పు."

తిప్పాడు. కుడివైపుకు ఒరిగితే రెక్క కూడా ఒరిగింది. మళ్ళీ తిప్పమన్నాను. దిగేటప్పుడు పొట్ట మీద ఇసుకలో ఈడ్చుకుపోయాం. నోటినిండా ఇసుక. ఎముక ఒక్కటి కూడా విరగలేదు. మోచెయ్యి గీరుకుంది, షారోన్ మందు రాసింది. రాస్తూ ఏడుస్తుంటే ఊరుకోమనలేదు. అది మళ్ళీ ఎప్పుడు ఎగురుతుందో దాని ఇష్టం. నేను అడగను. ఈసారి నోరు కట్టుకున్నాను.

ఒకసారి ఎగిరితే కుదురు వస్తుందని అనుకున్నాను. రాలేదురా. ఇంకా ఎక్కువైంది. టీ కొట్టు దగ్గర కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంది. నువ్వు మెట్ల మీద కూర్చుని ఏడ్చావు చూడు, అది నేను మరిచిపోలేదు. నువ్వేమీ తక్కువ చెయ్యలేదు. నీ కోసం ఇలా లేను, నీ వల్ల ఇలా లేను. కొడుకు బాగా చూసుకుంటే మాత్రం ఆడదానికి కాలు నిలవాలని ఏమన్నా ఉందా?

ఇక ఈ ఉత్తరం అసలు పని. ఆ టీ కొట్టు దగ్గర మేరీ గ్లాసు తిప్పుతూ, "అత్తా, పైనించి ఏం కనపడింది?" అంది. "నేను చెబితే నీకేం తెలుస్తది?" అన్నాను. టీ తాగేసి గ్లాసు కింద పెట్టింది. తర్వాత, "అయితే ఆ అబ్బాయిని ఇంకో కాగితం అడుగు" అంది.

వయసు అంత లేదు కాబట్టి ఆమెకు ఇంటి మనిషి సంతకం అక్కర్లేదని జావీద్ అన్నాడు. అక్కర్లేకపోయినా సరే, ఉండాలన్నాను. అసలు కాగితం క్యాంపులో ఇచ్చాం. దాని నకలు నీకు పంపుతున్నాం, నువ్వు చించుకోవడానికి. ఇది దానయ్య రాసింది కాదు. మాట మాటకూ ఆపి, నాలుగుసార్లు చదివించుకున్నాక వేలు పెడుతున్నాను. స్టాంపు ప్యాడు లేకపోతే మేరీ తన కాటుక రాసింది నా వేలికి.

"నా కోడలు కొమ్ము మేరీ, వయసు నలభై తొమ్మిది, రేపు గాలి బాగుంటే ఈ గట్టు మీద నుంచి తన ఇష్టంతో ఎగురుతుంది. ఎవరూ తోయలేదు, ఎవరూ తరమలేదు. ఆమె బతుకుకు ఆమే బాధ్యురాలు. ఒకే కప్పు కింద ఉండే ఇంటి మనిషిగా నాకు సమ్మతమే. నా కొడుకును అడగలేదు."

కొమ్ము శౌరమ్మ, ఎడమ బొటనవేలి నిశానీ.

రాసినది: కొమ్ము మేరీ. ఏవండీ, అత్తమ్మ చెప్పినవన్నీ చెప్పినట్టే రాశాను. మిమ్మల్ని తిట్టిన తిట్టు ఒక్కటి వదిలేశాను.

సాక్షులు:
కొమ్ము షారోన్,
షేక్ జావీద్.